గడి ముందు తొమ్మిదోసారి

1946 అక్టోబరు 18, శుక్రవారం. ఉదయం తొమ్మిదింబావుకు రావులకుంట గడి ముందు యోహాను అనే మనిషిని సైకిల్ ఎక్కించి దించడం మొదలుపెట్టారు. తొమ్మిదిసార్లు దిగాలని దొర ఆజ్ఞ. ఎనిమిదిసార్లు దిగాడు.

యోహానుకు ఇరవై ఆరేళ్లు. అచ్చంపేట మిషన్ దవాఖానలో పని. ప్రతి శుక్రవారం క్వినైన్ మాత్రలు తీసుకుని నల్లమల అంచున ఉన్న ఐదు పెంటలకు సైకిల్ మీద వెళ్లడం ఆ పని. పెంటలంటే అడవిలోని చెంచుల ఊళ్లు. ఆ శుక్రవారం అతని సంచిలో మాత్రల సీసా ఉంది. ఇప్పపెంట ఒక్కదానిలోనే ముప్పై ఒక్కమంది జ్వరంతో పడి ఉన్నారు. సీసా మధ్యాహ్నానికి అక్కడికి చేరాలి.

అతని మీద మోపిన నేరం ఇది: తొమ్మిది శుక్రవారాలుగా గడి ముందు సైకిల్ దిగలేదు. ఆ తొమ్మిది శుక్రవారాలూ అతను గడి ముందు సైకిల్ తొక్కలేదు కూడా. అసలు ఆ దారినే రాలేదు.

అచ్చంపేట నుంచి ఇప్పపెంటకు బండిబాట పదకొండు మైళ్లు. ఆరో మైలు మీద రావులకుంట. బాట ఊళ్లోకి రాగానే దొర ఉండే కోట, అంటే గడి, దాని గోడ వెంట సాగుతుంది. గోడ మొదట్లో ఒక రాయి, చివర ఒక రాయి పాతి ఉన్నాయి. వాటి మధ్య రెండు వందల పది అంగలు. మొదటి రాయి దగ్గర బండివాళ్లు బండి దిగుతారు. గుర్రమున్నవాళ్లు గుర్రం దిగుతారు. చెప్పులున్నవాళ్లు విప్పి చంకలో పెట్టుకుంటారు. తలగుడ్డ తీస్తారు. రెండో రాయి దాటాక ఎక్కేవాళ్లు ఎక్కుతారు, తొడుక్కునేవాళ్లు తొడుక్కుంటారు. ఆ రాళ్లు ఎవరు పాతారో ఊళ్లో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ బాట మీదికి మొదటి సైకిల్ 1944లో వచ్చింది. దవాఖాన యోహానుకు ఇచ్చిన సైకిలే అది. అప్పటికి సైకిల్‌కు నియమం లేదు. దొర రఘుపతిరావు అరుగు మీద కూర్చుని ఆ రోజే నియమం చెప్పాడు.

“మనిషి కాళ్లు భూమికి ఆననీయనిది ఏదైనా గుర్రమే” అన్నాడు.

మిగతాది గడి బంట్రోతు అంజన్న చెప్పాడు. సైకిల్‌ను మనిషికి అవతలి పక్క నడిపించాలి. గడికీ మనిషికీ నడుమ అది రాకూడదు. గంట మోగకూడదు. ఆ రోజు నుంచి మొదటి రాయి దగ్గర దిగగానే యోహాను గంటకు గుడ్డ చుట్టేవాడు. రెండో రాయి దాటాక విప్పేవాడు.

ఆ రెండు రాళ్ల మధ్య బాటను ఊడ్చి పేడనీళ్లు చల్లడం యోహాను తల్లి బిక్షమ్మ వెట్టి. ఆమెకు ముందు ఆమె అత్త చేసింది. కూలి లేదు. తెల్లవారేసరికి పని ముగియాలి. ముందు రోజు బాట మీద పడిన అడుగులూ గిట్టల గుర్తులూ దొర అరుగు మీదికి వచ్చే వేళకు కనపడకూడదు. శుక్రవారం కొడుకు సైకిల్ పట్టుకుని వచ్చేసరికి ఆ నేల ఇంకా తడిగానే ఉండేది. మిషన్‌లో చేరాక యోహాను అచ్చంపేటలోనే ఉంటున్నాడు. బిక్షమ్మ ఊరు విడవలేదు. వెట్టి ఇల్లు ఖాళీ అయితే ఆ పని పక్కింటి మీద పడుతుంది.

రెండేళ్లు యోహాను దిగాడు. లెక్క తెలిసినవాళ్లు లేరు గాని వందకు తక్కువ ఉండదు.

ఆగస్టు 9న వాన పడుతోంది. దొర బావమరిది హైదరాబాద్ నుంచి వచ్చి అరుగు మీద ఉన్నాడు. యోహాను చెప్పులు చంకలో పెట్టుకుని సైకిల్ నడిపిస్తూ వస్తున్నాడు. బావమరిది చూశాడు.

“బావా, వీడు నడుస్తాండు, సరే. వీని సైకిలు గూడ మనలెక్కనే దర్జాగ నడుస్తాంది గదా?”

“దానికి కాళ్లు లేవు గదనోయ్.”

“అందుకే అంటున్న. కాళ్లు లేనిదాన్ని ఎత్తుకోవాలె. నెత్తికెత్తుకొమ్మను.”

అరుగు మీద నవ్వారు. దొర అంజన్న వైపు చూశాడు. అంజన్న బాట మీదికి దిగి, “ఎత్తురా” అన్నాడు.

“మందు సంచి ఉన్నది అంజన్నా. హ్యాండిలుకు తలిగేసి ఉన్నది.”

“గది నాకు చెప్తవేందిరా? ఎత్తు. జల్ది నడుసు, అయిపోతది.”

యోహాను సైకిల్‌ను తలకెత్తుకున్నాడు. నూట నలభయ్యో అంగ దగ్గర కాలు జారింది. సంచి కింద పడి సీసా పగిలింది. అందులో రెండు వందల మాత్రలున్నాయి. యోహాను, గోడ పక్కన ఉన్న బిక్షమ్మ కలిసి ఏరారు. వానలో కరిగిపోగా, నీళ్లలో కలిసిపోగా నలభై ఆరు దొరికాయి. ఏరుతున్నంతసేపూ అరుగు మీద నవ్వు వినపడుతూనే ఉందని బిక్షమ్మ చెప్పింది.

నలభై ఆరు మాత్రలు మొదటి నాలుగు పెంటలకే అయిపోయాయి. ఇప్పపెంట చివరిది. అక్కడికి ఏమీ మిగల్లేదు. మరుసటి శుక్రవారానికి అక్కడ ఇద్దరు చనిపోయారు. ఒకరు కాటమయ్య భార్య ఈదమ్మ. ఇంకొకరు నాలుగేళ్ల ఆడపిల్ల. దవాఖాన నర్సు సుగుణమ్మ రిజిస్టరులో ఇద్దరి పేర్లూ, ఎదురుగా ‘మందు అందలేదు’ అనీ రాసింది. 

కాటమయ్య తేనె తీసే మనిషి. ఆగస్టు 16న యోహాను ఇప్పపెంటకు వెళ్లినప్పుడు గుడిసె ముందు కూర్చుని తాడు పేనుతున్నాడు.

“పోయిన వారం సీసా దార్ల పడ్డదంట గదా?” అన్నాడు.

“పడ్డది మామా.”

“పడ్డదా, పడేసిన్రా?”

“నెత్తి మీదికెల్లి పడ్డది.”

“మందు నెత్తి మీద పెట్టుకున్నవా?”

“సైకిలు పెట్టుకున్న.”

కాటమయ్య పేనడం ఆపాడు. యోహాను మొత్తం చెప్పాడు. చెప్పాక ఈదమ్మ పేరు ఇద్దరూ ఎత్తలేదు.

“ఇయ్యాల నువ్వు ఏ దారిన వచ్చినవ్?”

“అడివిల పడి వచ్చిన. రెండు తాపలు దారి తప్పిన. వాగుల ఒకసారి పడ్డ.”

“ఎర్రోడా, నన్ను అడుగకపోతివి. తేనె దారి ఉన్నది. రేపు నీ ఎంబడి వస్త. నువ్వు నడువు, అది గూడ నడుస్తది. వచ్చే వారంకెల్లి ఎక్కి రా.”

మరునాడు కాటమయ్య దారి చూపించాడు. అచ్చంపేట నుంచి మూడు మైళ్లు బండిబాట. అక్కడ నీటి చెలమ దగ్గర ఎడమకు తిరగాలి. రెండు మైళ్ల దాకా సైకిల్ మీద వెళ్లొచ్చు. తర్వాత వాగు. నలభై అంగలు ఇసుక, సైకిల్‌ను భుజాన వేసుకోవాలి. వాగు దాటాక రాళ్ల ఎక్కుడు, నెట్టుకుంటూ పోవాలి. పైన అరమైలు చదును. అక్కడి నుంచి దిగుడు. మైలున్నర తొక్కాల్సిన పని లేదు. వెనక బ్రేకు పనిచేయదు కాబట్టి యోహాను కాలు నేలకు ఆనించి ఆపుకునేవాడు, ఒక జత చెప్పులు ఆ దిగుడులోనే అరిగిపోయాయి. దిగుడు కింద వెదురు. వెదురు దాటితే మొదటి పెంట. ఇప్పపెంట దాకా మొత్తం పంతొమ్మిది మైళ్లు. ఇది యోహాను లెక్క. మొదటి మైలు చక్రం చుట్లు లెక్కపెట్టి, మిగతాది పొద్దును బట్టి కట్టాడు.

వెదురు దగ్గర కాటమయ్య ఒక మాట చెప్పాడు.

“ఈడ గంట కొట్టుకుంట పో. ఆపకుంట కొట్టు. ఎలుగుబంటి మనిషి వస్తాండని తెలిస్తే తప్పుకుంటది. తెల్వకుంట ఎదురైతెనే మీద పడ్తది.”

“గడి కాడ గంటకు గుడ్డ కట్టుమంటరు మామా.”

“ఎలుగు నయం గదరా” అన్నాడు కాటమయ్య.

ఎనిమిది మైళ్లు ఎక్కువ. ముళ్లు ఎక్కువ. తొమ్మిది వారాల్లో ట్యూబుకు పద్నాలుగు అతుకులు పడ్డాయి. అతుకులు అయిపోయిన రోజు టైరులో బోదగడ్డి కూరి తొక్కాడు. సుగుణమ్మ తిట్టింది.

“తెల్లారకముందు పోయి చీకటి పడినంక వస్తున్నవు. దగ్గరి దారి ఉండగ ఎందుకు ఈ తిరుగుడు?”

“ఆ దార్ల చెప్పులు ఇప్పాలె సిస్టరమ్మా. ఈ దార్ల తొడుక్కోవచ్చు.”

 ఆమె రిజిస్టరులో ‘దారి’ అని ఒక వరుస గీసి ఆ వారం నుంచి ‘అడవి, 19’ అని రాయడం మొదలుపెట్టింది. తొమ్మిది వారాలూ సీసా పగల్లేదు. తొమ్మిది వారాలూ ఇప్పపెంటలో ఎవరూ చనిపోలేదు.

గడి ముందుకు రాకపోతే గడితో పేచీ లేదని యోహాను అనుకున్నాడు. తప్పు అక్కడ జరిగింది. దిగకుండా పోయినవాడికి శిక్ష ఉందని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. దిగడానికి రానివాడికి కూడా ఉంటుందని తెలిసినవాళ్లు లేరు, అంతకుముందు ఎవరూ రాకుండా ఉండలేదు కాబట్టి. బావి అటు, అంగడి అటు, పొలం అటు.

దొర శుక్రవారం పొద్దున అరుగు మీద చుట్ట కాలుస్తాడు. సెప్టెంబరు నెలాఖరున ఒక శుక్రవారం అంజన్నను పిలిచి, “ఇయ్యాల దిగేటోడు ఏడీ?” అని అడిగాడు. అంజన్న తనకు తెలియదన్నాడు. మరుసటి వారం మళ్లీ అడిగాడు. అంజన్న వెతికాడు. అక్టోబరు 11న చెలమ దగ్గర బురదలో టైరు గీత కనిపించింది. వాగు దాకా దాని వెంట వెళ్లి వచ్చి చెప్పాడు.

నల్లగొండ జిల్లాలో అప్పటికి దొరల మీద సంఘం లేచి ఉంది. రాత్రికి రాత్రి ఊళ్లకు చీటీలు చేరుతున్నాయని మాట. మహబూబ్‌నగర్ వైపు గడీల్లో కూడా ఆ భయం ఉంది. అడవిలో సైకిల్ గీత అనగానే దొర చుట్ట పక్కన పెట్టాడని అంజన్న చెప్పాడు.

అక్టోబరు 17 సాయంత్రం బిక్షమ్మను పిలిపించి గడి వాకిలి లోపల కూర్చోబెట్టారు. కొడుకు బాట మీదుగా వచ్చేదాకా లేవకూడదన్నారు. పక్కింటి గోపమ్మ ఆరు మైళ్లు నడిచి అచ్చంపేట వచ్చింది.

“మీ అమ్మను గడిల కూసోబెట్టిన్రు కొడుకా. నిన్ను రేపు బాట పొంటి రమ్మన్నరు. అడివి పొంటి పోతే ఇగ నీ ఇష్టమన్నరు.”

సుగుణమ్మ అక్కడే ఉంది. “ఠాణాల చెప్పుదాం పద” అంది.

“ఠాణా అమీను సాబు మొన్న గడిల్నే తిన్నడు సిస్టరమ్మా” అంది గోపమ్మ. “ఇస్తరాకు పారేసింది నేనే.”

సుగుణమ్మ సీసాను దూదిలో చుట్టి, దాని మీద గుడ్డ చుట్టి, సంచిలో పెట్టి ఇచ్చింది. “ఇది పగిలితే మళ్లొచ్చేదాక నెల పడుతుంది” అంది.

“పగలనియ్య సిస్టరమ్మా.”

శుక్రవారం తొమ్మిదికి యోహాను మొదటి రాయి దగ్గర దిగాడు. చెప్పులు విప్పాడు. తలగుడ్డ తీశాడు. గంటకు గుడ్డ చుట్టాడు. సైకిల్‌ను అవతలి పక్క పట్టుకుని నడిచాడు. వాకిలి ఎదురుగా అంజన్న ఆపాడు. ఆ రోజు బాట ఊడ్చి ఉంది. తెల్లవారుజామున బిక్షమ్మ చేతనే ఊడ్పించి, నీళ్లు చల్లించి, మళ్లీ తీసుకెళ్లి కూర్చోబెట్టారు. ముందు రోజు సాయంత్రం నుంచి ఆమెకు తిండి పెట్టలేదు.

దొర అరుగు మీద నుంచి అడిగాడు.

“ఎన్ని వారాలాయెరా?”

“తొమ్మిది, దొరా.”

“చెప్పుతాండు సూడు, లెక్కతోని. అడివి పొంటి ఎవనికి చీటీలు మోస్తున్నవ్?”

“చీటీలు లేవు దొరా. మందులే.”

“మందులకు బాట లేదా? పదకొండు మైళ్ల బాట ఇడిసి, ఎలుగుబంట్ల నడుమ తిరిగెటోడు మందుల కోసం తిరుగుతడా? సంఘపోళ్ల మనిషివి నువ్వు. అమీను సాబుకు అప్పజెప్పుమంటవా?”

వాకిలి లోపలి నుంచి బిక్షమ్మ అంది, “జరమొచ్చింది దొరా వానికి. జరమొచ్చి ఈ దిక్కు రాలే. సంఘం గింఘం వానికి తెల్వదు, బాంచెను.”

“జరమొచ్చినోడు అడివిల తిరిగిండా? కొడుకును అడుగుతున్న. నువ్వు నోరు ముయ్యి. చెప్పురా, ఎందుకు తప్పిచ్చుకున్నవ్?”

 సంఘం మనిషినంటే ఠాణా. జ్వరమంటే అబద్ధం, దొర అప్పటికే దాన్ని తోసేశాడు. అప్పుడు గడి ముందు ఉన్నవాళ్లలో ఐదుగురిని తర్వాత విడివిడిగా అడిగితే, అతను చెప్పిన మాట ఐదుగురూ ఒకే తీరుగా చెప్పారు.

“దిగబుద్ధిగాలే దొరా” అన్నాడు యోహాను.

ఎవరూ నవ్వలేదు.

“ఏమన్నవ్?”

“ఈడ దిగబుద్ధిగాలే. గందుకే అట్ల పోయిన. నా చేతుల చీటీలు లేవు.”

అంజన్న చెయ్యెత్తాడు. దొర వద్దన్నాడు. చుట్ట వెలిగించి, రెండు దమ్ములు పీల్చాడు.

“తొమ్మిది తాపలు దిగుడు ఎగ్గొట్టినవ్. ఎగ్గొట్టినయి ఇయ్యాల తీర్చు. ఆడికెల్లి తొక్కుకుంట రా. రాయి కాడ దిగు. ఈ రాయి దాక నడువు. మళ్ల పో. తొమ్మిది తాపలు. అంజన్నా, లెక్క పట్టు. ఒక్కటి తక్కువైన మీ అమ్మ ఈడికెల్లి లేవది.”

“ఇప్పపెంటల ముప్పై ఒక్కమంది పడి ఉన్నరు దొరా. మందు ఇచ్చి వచ్చి దిగుత. రేపు దిగుత.”

“వాళ్లు యాడికి పోతరు? ఉంటరు.”

అంజన్న రెండో రాయి మీద తొమ్మిది గులకరాళ్లు పెట్టాడు.

మొదటిసారి యోహాను మామూలుగా దిగినట్టే దిగి నడిచాడు. వెనక్కి పోయేటప్పుడు సైకిల్‌ను ఎదుటి గోడ పక్కన గట్టి నేల మీద నడిపించాడు. రెండోసారికి మాదిగవాడ నుంచి, బావి దగ్గర నుంచి జనం వచ్చి ఎదుటి గోడ నీడన నిలబడ్డారు. పనికి పోవాల్సినవాళ్లు కూడా పోలేదు. మూడోసారి చెప్పులు విప్పకుండా రెండంగలు వేశాడు. అంజన్న వెనక్కి పంపాడు. నాలుగోసారి రాయికి ముందే గొలుసు ఊడింది. యోహాను దిగి గొలుసు ఎక్కించుకుని మళ్లీ ఎక్కాడు.

“గిది లెక్కల వస్తదా దొరా?” అని అడిగాడు అంజన్న.

“గొలుసు కోసం దిగింది గడి కోసం దిగినట్టా? రాదు.”

ఎదుటి గోడ దగ్గర ఒక ముసలాయన, “గొలుసు గూడ దొర మాట ఇన్లేదురా” అన్నాడు. ఎవరన్నారని అంజన్న అటు తిరిగి అడిగాడు. ఎవరూ చెప్పలేదు.

ఐదు. ఆరు. నేల మీద గీతలు పెరిగాయి. ఒక్కో టైరు గీత పక్కన కాళ్ల గుర్తుల వరుస ఒకటి. ఏడోసారికి యోహాను అంగీ తడిసి వీపుకు అంటుకుంది. ప్రతిసారీ మొదటి రాయి దగ్గర సంచిలో చెయ్యి పెట్టి సీసా తడిమి చూసుకునేవాడు. బిక్షమ్మ ఒకసారి నీళ్లడిగింది. కొడుకు పని కానీ అన్నారు.

ఎనిమిదోసారి అయ్యేసరికి పది దాటింది. రెండో రాయి మీద ఒక గులకరాయి మిగిలింది. దొర లేచి నిలబడ్డాడు.

“తొమ్మిదోది నెత్తి మీద” అన్నాడు.

యోహాను అరుగు వైపు తిరిగాడు.

“ఇన్లేదా? సైకిలు నెత్తికెత్తుకో. ఇగ ముందట ప్రతి శుక్రవారం గట్లనే. మా బావమరిది చెప్పిన రోజే ఖాయం చెయ్యాల్సుండె, మరిచిన. ఆ బిక్షమ్మను ఇడువున్రి. కొడుకు ఎట్ల మోస్తడో దగ్గర నిలబడి సూడనీ.”

బిక్షమ్మ వాకిలి దాటి వచ్చింది. ఆమె వయసు ఆమెకు తెలియదు. మిషన్ పుస్తకంలో యాభై రెండు అని ఉంది. ఎదుటి గోడ నీడన ఆగకుండా దాని పక్కగానే మొదటి రాయి దాకా నడిచింది. యోహాను సైకిల్ పట్టుకుని ఆమె వెనకాల వచ్చాడు. రాయి దగ్గర వాళ్లు మాట్లాడుకున్నది గోపమ్మ విన్నది. ఆమె పది అంగల దూరంలో ఉంది.

“సీసా యాడుంది?” అంది బిక్షమ్మ.

“సంచిల.”

“తియ్యి. ఇటియ్యి.”

సీసాను తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగులో ముడేసి నడుముకు చుట్టుకుంది.

“ఇగ ఎక్కు.”

“ఏందమ్మా?”

“ఎక్కుమంటున్న. నేను ఎన్కకు కూసుంట.”

“నువ్వెన్నడన్న సైకిలు మీద కూసున్నవానే?”

“అండ్ల నేర్సేదేమున్నదిరా? కూసునుడే గద.”

“వాళ్లు నిన్ను ఊకె ఇడువరమ్మా. ఇల్లు ఉంచరు.”

“నిన్న సందికెల్లి ఈడ కూసోబెట్టినప్పుడు ఇడిసిన్రా? నలభై ఏండ్లు ఊడిసిన ఈ బాట. ఒక్క తాప గూడ దీని మీద కూసోని పోలే. ఆనాడు నీళ్లల్ల మాత్రలు ఏరుతుంటే నవ్విన్రు జూడు, ఆ నవ్వు నా చెవుల్నే ఉన్నది. ఎక్కు బిడ్డా. సీసా నేను పట్టుకున్న.”

యోహాను చెప్పులు తొడుక్కున్నాడు. తలగుడ్డ చుట్టుకున్నాడు. గంటకు కట్టిన గుడ్డ విప్పి కింద పడేశాడు. బిక్షమ్మ వెనక క్యారియర్ మీద ఒక పక్కకు కూర్చుని కొడుకు అంగీ పట్టుకుంది. మొదట సైకిల్ అటూ ఇటూ ఊగింది. పది అంగల దూరంలో నిలదొక్కుకుంది.

యోహాను గంట కొట్టాడు. ఆపకుండా కొట్టాడు.

“దింపున్రి” అని దొర అరిచాడు. అరుగు మీద ఉన్న ఇద్దరు బాట మీదికి ఉరికేసరికి సైకిల్ వాకిలి దాటింది. రెండో రాయి దగ్గర ఉన్నది అంజన్న ఒక్కడే. అతని చేతిలో ఎనిమిది గులకరాళ్లున్నాయి. అతను పక్కకు తప్పుకున్నాడు. ఎందుకు తప్పుకున్నావని దొర తర్వాత అడిగాడు.

“మీదికొస్తే తప్పుకోనా దొరా? గంట గూడ కొట్టిండు” అన్నానని అంజన్న చెప్పాడు. అందుకు అతనికి ఆరు కొరడా దెబ్బలు పడ్డాయి. వీపు మీద గుర్తులున్నాయి.

గడి గుర్రాన్ని ఆ రోజు దొర బావమరిది కోసం జడ్చర్ల స్టేషన్‌కు పంపారు. నలుగురు మనుషులు కాలినడకన వెంటపడ్డారు. ఊరికి మైలు దూరంలో బాట వాగును దాటుతుంది. వాగులో నీళ్లున్నాయి. వాళ్లు అక్కడికి చేరేసరికి అవతలి గట్టు మీద తల్లీకొడుకులు సైకిల్‌ను నెట్టుకుంటూ చెట్లలోకి పోతున్నారు. నలుగురూ వెనక్కి వచ్చారు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఇద్దరూ ఇప్పపెంట చేరారు. అప్పుడు పొద్దు ఏ చెట్టు మీద ఉందో కాటమయ్య చూపించాడు. సీసా బిక్షమ్మ కొంగులో ఉంది. మాత్రలు ఆమే పంచింది. దవాఖాన రిజిస్టరులో ఆ తేదీ ఎదురుగా ‘ఇప్పపెంట, 31’ అని ఉంది. ‘దారి’ వరుసలో ‘రావులకుంట, 11’ అని ఉంది.

శనివారం పొద్దున గడి మనుషులు మాదిగవాడలో బిక్షమ్మ ఇంటి కప్పు పీకి గోడలు కూల్చారు. కుండలు పగలగొట్టారు. ఇంట్లో ఒక రోలు, రెండు చీరలు, ఒక చీపురు దొరికాయి. చీపురు ఒక్కటే గడికి తీసుకుపోయారు.

ఆ చీపురుతో గడి ముందు బాట ఊడవమని గోపమ్మకు కబురు వచ్చింది. శుక్రవారం నాటి గీతలు అప్పటికి అలాగే ఉన్నాయి. ఎనిమిది గీతల పక్కన కాళ్ల గుర్తులున్నాయి. తొమ్మిదో గీత లోతుగా దిగింది. దాని పక్కన కాళ్ల గుర్తులు లేవు.

గోపమ్మ జ్వరమని చెప్పి పంపింది. ఆ తర్వాతి ఇంటికి కబురు వెళ్లింది. వాళ్లూ జ్వరమన్నారు. ఆదివారం సాయంత్రానికి మాదిగవాడలో పదకొండు ఇళ్లకు కబురు వెళ్లింది. పదకొండు ఇళ్ల నుంచీ ఒకటే జవాబు వచ్చింది.

ఆ మూడు రోజులూ బావికి పోయేవాళ్లు, అంగడికి పోయేవాళ్లు మొదటి రాయి దగ్గర చెప్పులు విప్పి, ఎదుటి గోడ పక్కగా నడిచి, తొమ్మిదో గీతను తొక్కకుండా పోయారు. అంజన్న లెక్క ప్రకారం బండ్లు రాలేదు.

అక్టోబరు 21, సోమవారం సాయంత్రం నాలుగింటికి వాన పడింది. అప్పటిదాకా గీత అక్కడే ఉంది.